ప్రోటీన్ నిర్మాణాల్లోని అణువుల బంధాలను డేటాబేస్‌ల సాయంతో చదవడం ఎలా?

తిరుపతిలో ఎస్వీ విశ్వవిద్యాలయంలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, బయోఇన్ఫర్మాటిక్స్ వంటి కోర్సులు చదువుతూ చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు సిద్ధమవుతున్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. శేషాచలం కొండల్లో దొరికే ఏదో ఒక మొక్కలోని రసాయనాన్ని ఎంచుకుని, దాన్ని ఒక ప్రోటీన్‌లోకి డాకింగ్ చేసి (అంటే అందులో ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌తో అంచనా వేసి), వచ్చిన బొమ్మను ప్రాజెక్టు రిపోర్టులో చేర్చడం మన ప్రాంతంలో బాగా అలవాటైన పని. ఆ పనిలో తప్పేమీ లేదు. అయితే ఒక మందు ఒక ప్రోటీన్‌ను నిజంగా ఎలా పట్టుకుని ఉంటుందో, ప్రయోగం ద్వారా తేలిన ఒక్క నిర్మాణంలోనైనా దగ్గరగా చూడకుండా డాకింగ్ ఫలితాన్ని బేరీజు వేయడం సాధ్యం కాదు. అందుకు కావలసిన డేటాబేస్‌లన్నీ విద్యార్థులకు ఉచితంగానే దొరుకుతున్నాయి. చాలావరకు బ్రౌజర్‌లోనే పని జరిగిపోతుంది. దించుకోవలసిన ఫైలు ఒక మెగాబైటు కూడా ఉండదు కాబట్టి హాస్టల్ వైఫై అయినా సరిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టంగా గుర్తుంచుకోండి. ప్రయోగం మనకు ఇచ్చేది పరమాణువుల స్థానాలు మాత్రమే. ఫలానా చోట హైడ్రోజన్ బంధం ఉంది, ఫలానా చోట సాల్ట్ బ్రిడ్జ్ (వ్యతిరేక ఆవేశాలున్న గుంపుల బంధం) ఉంది అని డేటాబేస్ చూపించే జాబితా, ఆ స్థానాల మీద ఎవరో పెట్టుకున్న దూరం, కోణం నియమాలతో కంప్యూటర్ వేసిన లెక్క. రిజిస్ట్రార్ ఆఫీసులోని మూల దస్తావేజుకూ, దాన్ని చూసి ఎవరో రాసుకున్న సారాంశానికీ ఎంత తేడా ఉంటుందో ఈ రెండింటికీ అంతే తేడా ఉంది. సారాంశం ఉపయోగపడుతుంది, కానీ ప్రతిసారీ మూలంతో పోల్చి చూసుకోవాలి. కింద చెప్పిన మెట్లన్నీ ఈ పోలిక కోసమే.

మొదటి మెట్టు: ఒక మంచి ఉదాహరణను ఎంచుకోవడం

సాధన కోసం నేను మెథోట్రెక్సేట్‌ను సూచిస్తాను. కీళ్లవాతానికీ, కొన్ని రకాల క్యాన్సర్లకూ ఇప్పటికీ వాడుతున్న ఈ మందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో, ఫోలిక్ ఆమ్లం మీద అక్కడ సాగిన కృషి నుంచి వచ్చింది. ఇది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును, అంటే డీహెచ్ఎఫ్ఆర్‌ను, అడ్డుకుంటుంది. డీఎన్ఏ తయారీకి అవసరమైన టెట్రాహైడ్రోఫోలేట్‌ను అందించే ఎంజైము ఇదే. ఈ ప్రోటీన్ చిన్నది, మందు దాన్ని చాలా గట్టిగా పట్టుకుంటుంది, దశాబ్దాలుగా దీనిపై అధ్యయనాలు జరిగాయి. కాబట్టి మీరు కనుక్కున్నది సరైనదో కాదో సరిచూసుకోవడానికి వీలుంటుంది.

మూల నిర్మాణాలన్నీ ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో, మనం వాడుకగా అనే పీడీబీలో, ఉంటాయి. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో 7 నిర్మాణాలతో మొదలైన ఈ నిధిలో ఇప్పుడు రెండు లక్షలకు పైగా నిర్మాణాలున్నాయి. 2003 నుంచి అమెరికాలోని ఆర్‌సీఎస్‌బీ, యూరప్‌లోని పీడీబీఈ, జపాన్‌లోని పీడీబీజే కలిసి ఒకే సంస్థగా దీన్ని నడుపుతున్నాయి. ఏ వెబ్‌సైటులో తెరిచినా మూల ఫైలు ఒకటే. చూపించే తీరు, అదనపు విశ్లేషణలు మాత్రమే వేరు. ఆర్‌సీఎస్‌బీ సైటులోని వెతుకు పెట్టెలో 4డీఎఫ్ఆర్ అనే నాలుగు అక్షరాల సంకేతాన్ని ఇంగ్లీషులో టైపు చేయండి. ఈ.కోలై బ్యాక్టీరియాకు చెందిన డీహెచ్ఎఫ్ఆర్, మెథోట్రెక్సేట్‌తో కలిసి ఉన్న నిర్మాణం తెరుచుకుంటుంది. దీని ఫలితాలు 1982లో ప్రచురితమయ్యాయి, రిజల్యూషన్ 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు.

రెండో మెట్టు: నిర్మాణం నమ్మదగినదేనా అని పరీక్షించడం

చాలామంది ఈ మెట్టును దాటేసి నేరుగా బొమ్మ దగ్గరికి వెళ్లిపోతారు. నా అభిప్రాయంలో మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది దీనికే.

ముందుగా రిజల్యూషన్ చూడండి. ఈ సంఖ్య ఎంత తక్కువైతే వివరం అంత స్పష్టం. 2 ఆంగ్‌స్ట్రామ్‌లకు అటూ ఇటూ ఉన్న నిర్మాణంలో పక్క గొలుసుల స్థానాలను, నీటి అణువులను మోస్తరు నమ్మకంతో చదవవచ్చు. 3 దాటిన నిర్మాణంలో ఒక హైడ్రోజన్ బంధం దూరాన్ని రెండో దశాంశ స్థానం దాకా రాయడంలో అర్థం లేదు, ఎందుకంటే పరమాణువు స్థానమే అంత కచ్చితంగా తెలియదు. రిజల్యూషన్ ఎంత మంచిదైనా అది నిర్మాణమంతటికీ సగటుగా చెప్పే సంఖ్య మాత్రమే. మీకు కావలసిన లిగాండ్, అంటే ప్రోటీన్‌ను పట్టుకునే మందు వంటి అణువు, ఉన్న చోటు బాగుందా లేదా అన్నది విడిగా చూడాలి.

అందుకోసం పేజీలోనే ఉండే వ్యాలిడేషన్ రిపోర్టును తెరవండి. అందులో పరమాణువులు ఒకదానినొకటి ఢీకొంటున్న చోట్లు, రామచంద్రన్ పటంలో (ప్రోటీన్ వెన్నెముక కోణాల పటంలో) ఉండకూడని చోట పడిన అవశేషాలు (గొలుసులోని అమైనో ఆమ్లాలు), పక్క గొలుసుల అసాధారణ భంగిమలు కనిపిస్తాయి. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం 1963లో ప్రచురించిన ఆ పటమే నేటికీ ప్రపంచమంతటా ప్రోటీన్ నిర్మాణాలకు తొలి పరీక్షగా నిలిచి ఉందన్న సంగతి మన విద్యార్థులు తెలుసుకోవాలి. మీ బంధనస్థలంలోని అవశేషం ఈ తప్పుల జాబితాలో ఉంటే, దానితో ఏర్పడిన బంధాన్ని మీ పట్టికలో అనుమానాస్పదంగా గుర్తించండి.

తరువాత లిగాండ్ చుట్టూ ఎలక్ట్రాన్ సాంద్రత పటాన్ని చూడండి. త్రీడీ వ్యూయర్‌లో ఆ పటాన్ని ఆన్ చేస్తే, మందు అణువు ఆ జాలంలో పూర్తిగా ఇమిడి ఉందో, లేక దాని తోక బయట ఖాళీలో వేలాడుతోందో కంటికే తెలుస్తుంది. సాంద్రత లేని చోట ఉన్న పరమాణువు పరిశోధకుల అంచనాయే తప్ప ప్రయోగం చూపించినది కాదు. అయితే ఈ పటం గీయడానికి కావలసిన స్ట్రక్చర్ ఫ్యాక్టర్లను జమ చేయడం 2008 నుంచే తప్పనిసరి అయింది కాబట్టి, పాత నిర్మాణాల విషయంలో అవి ఉన్నాయో లేదో ముందుగా చూసుకోవాలి. లేకపోతే అదే సముదాయానికి (ప్రోటీన్, మందు కలిసి ఉన్న జతకు) తరువాత వచ్చిన నిర్మాణాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. మానవ డీహెచ్ఎఫ్ఆర్ మెథోట్రెక్సేట్‌తోనూ ఎన్ఏడీపీహెచ్ అనే సహ ఎంజైముతోనూ కలిసి ఉన్న 1యూ72 అందుకు పనికొస్తుంది.

ఫైలులో ప్రతి పరమాణువు వరుసలోనూ స్థానాంకాల తరువాత ఆక్యుపెన్సీ, బి-ఫ్యాక్టర్ అనే రెండు సంఖ్యలుంటాయి. ఆక్యుపెన్సీ 1 కంటే తక్కువగా ఉంటే ఆ పరమాణువు కొన్ని అణువుల్లోనే ఆ స్థానంలో ఉందని అర్థం. బి-ఫ్యాక్టర్ చుట్టుపక్కల వాటికంటే బాగా ఎక్కువగా ఉంటే ఆ భాగం కదులుతోందనో, సరిగా కనిపించలేదనో గ్రహించాలి.

మూడో మెట్టు: ఏ గొలుసు, ఏ సముదాయం, ఏ సంఖ్య

4డీఎఫ్ఆర్ తెరిస్తే ఏ, బీ అని రెండు గొలుసులు కనిపిస్తాయి. ఈ ఎంజైము జంటగా పనిచేస్తుందని దాన్ని బట్టి రాసేస్తే అది పెద్ద పొరపాటు. 159 అమైనో ఆమ్లాలున్న ఈ ప్రోటీన్ ఒంటరిగానే పనిచేస్తుంది. స్ఫటికంలోని పునరావృత భాగంలో రెండు అణువులు పక్కపక్కన సర్దుకున్నాయి, అంతే. కాబట్టి స్ఫటికంలోని భాగాన్ని కాకుండా జీవసంబంధ సముదాయం అని చూపే ఎంపికను తెరవండి. రెండు ప్రోటీన్ల మధ్య ఉన్న స్పర్శతలం నిజమైనదా, స్ఫటికంలో కాకతాళీయంగా ఏర్పడినదా అని తేల్చుకోవలసి వస్తే పీసా అనే సాధనం ఉంది. అది ఆ తలంలో మూసుకుపోయిన వైశాల్యాన్నీ, బంధాలనూ లెక్కించి, ఆ కూర్పు ద్రావణంలో నిలుస్తుందా అని అంచనా చెబుతుంది. రెండు గొలుసుల్లోనూ మందు ఉన్నప్పుడు రెండింటి జాబితాలనూ విడివిడిగా తయారు చేయండి. రెండింటిలోనూ కనిపించే బంధానికి ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

సంఖ్యల చిక్కు మరొకటి ఉంది. మానవ డీహెచ్ఎఫ్ఆర్‌లో మందును పట్టుకునే కీలక గ్లూటమేట్‌ను నిర్మాణ శాస్త్రవేత్తలు 30వ అవశేషంగా రాస్తారు. యూనిప్రాట్ అనే ప్రోటీన్ వరుసల డేటాబేస్‌లో పీ00374 అనే సంకేతంతో ఉన్న వరుసలో అదే గ్లూటమేట్ 31వది. మొదట ఉండే మిథియోనైన్‌ను లెక్కపెట్టడంలో వచ్చిన తేడా ఇది. ఈ.కోలై ఎంజైములో రెండు లెక్కలూ సరిపోతాయి కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది లేదు. ఒక జన్యు మార్పు గురించిన వ్యాసంలోని సంఖ్యను నిర్మాణంలోని సంఖ్యతో కలిపే ముందు, పీడీబీఈ వారి సిఫ్ట్స్ జతల పట్టికలో చూసుకోండి.

నాలుగో మెట్టు: బంధాల జాబితా తెచ్చుకోవడం

ఇప్పుడు సారాంశాల దగ్గరికి వెళ్లవచ్చు. మొదట పీడీబీసమ్ తెరవండి. ఇది పీడీబీలోని ప్రతి నిర్మాణానికీ బొమ్మలతో కూడిన ఒక పరిచయ పుట ఇస్తుంది. అక్కడ లిగాండ్ భాగంలో ఎమ్‌టీఎక్స్ అనే మూడక్షరాల పేరు మీద నొక్కితే లిగ్‌ప్లాట్ గీసిన చదునైన పటం వస్తుంది. ఆకుపచ్చ చుక్కల గీతలు హైడ్రోజన్ బంధాలు, వాటి మీద దూరం ఉంటుంది. కనురెప్పల్లా కనిపించే ఎర్రటి అర్ధవలయాలు హైడ్రోఫోబిక్ (నీటికి దూరంగా ఉండే భాగాల) స్పర్శలు. అదే పీడీబీ సంకేతాన్ని జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారైన ప్లిప్ అనే సాధనానికి కూడా ఇవ్వండి. హైడ్రోజన్ బంధాలు, హైడ్రోఫోబిక్ స్పర్శలు, సాల్ట్ బ్రిడ్జ్‌లు, వలయాల మధ్య పై-స్టాకింగ్, పై-కేటయాన్ బంధాలు, నీటి అణువు మధ్యవర్తిగా ఉన్న బంధాలు, హాలోజన్ బంధాలు అన్నింటినీ ఇది వేర్వేరు పట్టికలుగా ఇస్తుంది.

రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టగానే అవి కలవకపోవడం చూస్తారు. కంగారు పడకండి, కారణం నియమాల్లో ఉంది. లిగ్‌ప్లాట్ మామూలుగా హైడ్రోజన్‌ను ఇచ్చే దాత, దాన్ని అందుకునే గ్రాహక పరమాణువుల మధ్య దూరం 3.35 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటేనే హైడ్రోజన్ బంధంగా పరిగణిస్తుంది. ప్లిప్ 4.1 దాకా అనుమతించి, కోణం కనీసం 100 డిగ్రీలు ఉండాలని అడుగుతుంది. కాబట్టి 3.8 దగ్గర ఉన్న జత ఒకదానిలో బంధం, ఇంకొకదానిలో అసలు లేదు. విద్యుదావేశం ఉన్న గుంపుల విషయంలోనూ ఇంతే: 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటేనే సాల్ట్ బ్రిడ్జ్ అనడం పాత సంప్రదాయం, ప్లిప్ ఆవేశాల కేంద్రాల మధ్య 5.5 దాకా ఒప్పుకుంటుంది. ప్రోటీన్ లోపలి బంధాలను లెక్కించడానికి బెంగళూరు ఐఐఎస్సీ నుంచి 2007లో వచ్చిన పిక్ అనే సర్వర్ 6 దాకా తీసుకుంటుంది. ఇందులో ఎవరిదీ తప్పు కాదు. అయితే మీ రిపోర్టులో "ఆరు హైడ్రోజన్ బంధాలు ఉన్నాయి" అని రాసేటప్పుడు ఏ నియమం ప్రకారమో రాయకపోతే ఆ వాక్యానికి విలువ ఉండదు.

ఐదో మెట్టు: ముఖ్యమైన బంధాలను చేత్తో సరిచూడటం

జాబితాలోని అన్నింటినీ కాకపోయినా, మీ వాదన ఆధారపడిన రెండు మూడు బంధాలను ఫైలు తెరిచి మీరే లెక్కించాలి. టెక్స్ట్ ఎడిటర్‌లో పీడీబీ ఫైలు తెరిస్తే ఒక్కో పరమాణువుకు ఒక్కో వరుస ఉంటుంది. అందులో ఎక్స్, వై, జడ్ అనే మూడు స్థానాంకాలు ఆంగ్‌స్ట్రామ్‌లలోనే ఉంటాయి. రెండు పరమాణువుల స్థానాంకాల తేడాలు 1.2, 2.1, 1.4 అనుకుందాం. వాటి వర్గాలు 1.44, 4.41, 1.96, మొత్తం 7.81, దాని వర్గమూలం సుమారు 2.79. మంచి హైడ్రోజన్ బంధానికి తగిన దూరం అది. ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద చేసినవారు ఆ తరువాత సాఫ్ట్‌వేర్ ఇచ్చే సంఖ్యను చూసే పద్ధతే మారిపోతుంది.

4డీఎఫ్ఆర్‌లో చూడవలసినవి ఇవి. మందులోని టెరిడిన్ వలయానికి చెందిన ఎన్1 పరమాణువూ, దాని పక్కనున్న 2-అమైనో గుంపూ ఆస్పార్టేట్ 27 కార్బాక్సిలేట్‌కు ఎదురుగా ఉంటాయి. 4-అమైనో గుంపు ఐసోల్యూసిన్ 5, ఐసోల్యూసిన్ 94ల వెన్నెముక ఆక్సిజన్లను పట్టుకుంటుంది. అణువు రెండో కొసన ఉన్న గ్లూటమేట్ భాగపు ఆల్ఫా-కార్బాక్సిలేట్ ఆర్జినిన్ 57తో జతకడుతుంది. మధ్యలో ఫినైల్‌అలనైన్ 31, ల్యూసిన్ 28, ఐసోల్యూసిన్ 50 వంటివి హైడ్రోఫోబిక్ గోడలా ఉంటాయి.

ఇందులో ఎన్1, ఆస్పార్టేట్ 27 మధ్యనున్న బంధం దగ్గర కాసేపు ఆగండి. ఎక్స్-రే పద్ధతిలో, అత్యంత సూక్ష్మమైన రిజల్యూషన్ ఉన్నప్పుడు తప్ప, హైడ్రోజన్లు కనిపించవు. సాఫ్ట్‌వేర్ వాటిని ఊహించి చేరుస్తుంది. ద్రావణంలో విడిగా ఉన్న మెథోట్రెక్సేట్‌లో, మామూలు పీహెచ్ దగ్గర, ఎన్1 మీద ప్రోటాన్ ఉండదు. సాఫ్ట్‌వేర్ అదే ఊహతో ముందుకుపోతే ఇటు నత్రజనీ గ్రాహకమే, అటు ఆక్సిజనూ గ్రాహకమే అవుతాయి. మధ్యలో హైడ్రోజన్ లేదు కాబట్టి బంధం జాబితాలోకే రాదు. ఎంజైములో చేరాక మాత్రం ఎన్1 ప్రోటాన్‌ను తీసుకుంటుందని ఎన్ఎంఆర్ అధ్యయనాలు చూపించాయి. అప్పుడది ధనావేశం ఉన్న గుంపుగా ఆస్పార్టేట్‌తో బలమైన బంధం ఏర్పరుస్తుంది. అంటే ఈ మందు బిగింపులో అతి ముఖ్యమైన బంధమే, ఒక ప్రోటాన్ విషయంలో చేసిన ఊహను బట్టి, మీ పట్టికలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దూరం 3 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుండి కూడా జాబితాలో కనిపించని జత ఏదైనా ఉంటే, ముందుగా ప్రోటాన్ల సంగతి విచారించండి.

ఇలాంటిదే ఆస్పరాజిన్, గ్లూటమిన్, హిస్టిడిన్‌ల విషయం. వీటి కొసల్లో ఉన్న ఆక్సిజన్‌నూ నత్రజనినీ, లేదా నత్రజనినీ కార్బన్‌నూ, సాంద్రత పటంలో వేరుచేసి చెప్పడం కష్టం కాబట్టి కొన్ని నిర్మాణాల్లో అవి తారుమారై ఉంటాయి. మోల్‌ప్రొబిటీ సర్వర్ వాటిని పరీక్షించి, తిప్పవలసినవి ఏవో చెబుతుంది.

ఆరో మెట్టు: పోల్చడం

ఒక్క నిర్మాణం చూసి ఆగవద్దు. 7డీఎఫ్ఆర్‌లో అదే ఈ.కోలై ఎంజైము ఫోలేట్‌తోనూ ఎన్ఏడీపీతోనూ కలిసి ఉంటుంది. నిర్మాణాలను చూపే కైమెరాఎక్స్‌లోనో పైమాల్‌లోనో 4డీఎఫ్ఆర్‌ను దాని మీద పొదిగితే ఒక ఆశ్చర్యకరమైన విషయం కనిపిస్తుంది: చూడటానికి రెండూ ఇంచుమించు ఒకే అణువులైనా, మెథోట్రెక్సేట్ వలయం ఫోలేట్ వలయంతో పోలిస్తే 180 డిగ్రీలు తిరగబడి కూర్చుంటుంది. ఫోలేట్‌లో ఆస్పార్టేట్ 27 వైపు చూసేది ఎన్3, 2-అమైనో గుంపు. మందులో ఎన్1, 2-అమైనో గుంపు. నాలుగో స్థానంలో ఆక్సిజన్‌కు బదులు అమైనో గుంపు వచ్చినందుకే ఇంత మార్పు. సహజ పదార్థంలా కనిపించే అణువు సహజ పదార్థం లాగే బంధించుకుంటుందని ముందే నిర్ణయించుకుని డాకింగ్ ఫలితాల్లోంచి భంగిమను ఏరుకునేవారు ఈ రెండు నిర్మాణాలను తప్పక చూడాలి.

మీ మొక్క రసాయనాన్ని డాకింగ్ చేయాలనుకుంటే, ముందుగా మెథోట్రెక్సేట్‌ను తీసేసి అదే చోట మళ్లీ డాకింగ్ చేసి, అసలు స్థానానికి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల సగటు తేడా లోపు వస్తోందో లేదో చూడండి. రాకపోతే మీ అమరికల్ని సరిదిద్దుకోవాలి.

ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ గురించి చాలామంది అడుగుతారు. 2021లో వచ్చి, మరుసటి ఏడాదికే 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనా నిర్మాణాలను అందించిన ఆ డేటాబేస్ ఎంతో విలువైనది. ప్రయోగ నిర్మాణం లేని ప్రోటీన్‌కు అదే దిక్కు. అయితే అందులోని నిర్మాణాల్లో మందు గాని, లోహ అయాన్లు గాని, నీరు గాని ఉండవు. కాబట్టి లిగాండ్ బంధాలకు అది సాక్ష్యం కాదు. స్ట్రింగ్, ఇంటాక్ట్ వంటివి ఏ ప్రోటీన్ ఏ ప్రోటీన్‌తో సంబంధం పెట్టుకుంటుందో చెబుతాయి, ఏ పరమాణువు ఏ పరమాణువును తాకుతుందో చెప్పవు.

బిగింపు బలం కావాలంటే బైండింగ్‌డీబీ, పీడీబీబైండ్ చూడండి. రెండోదాని ప్రత్యేకత ఏమిటంటే, పీడీబీలోని సముదాయాలకు ప్రయోగంలో కొలిచిన బల విలువలను జతచేసి ఉంచుతుంది. అక్కడ కేఐ (నిరోధక స్థిరాంకం), కేడీ (వియోజన స్థిరాంకం), ఐసీ50 (ఎంజైము పనిని సగానికి తగ్గించే మందు గాఢత) అని మూడు రకాల విలువలు ఎదురవుతాయి. ఐసీ50 ప్రయోగంలో వాడిన పరిమాణాలను బట్టి మారుతుంది కనుక, ఒక వ్యాసంలోని ఐసీ50ని మరో వ్యాసంలోని కేఐతో పోల్చకండి. బంధాల సంఖ్య ఎక్కువగా ఉంటే బలం ఎక్కువ అని కూడా రాయకండి. నీటిని వదులుకోవడానికీ, అణువు తన భంగిమను బిగించుకోవడానికీ అయ్యే శక్తి వ్యయం ఆ జాబితాలో కనిపించదు.

ఏడో మెట్టు: రాసిపెట్టడం

ఎక్సెల్‌లో ఒక్కో బంధానికి ఒక్కో వరుస పెట్టండి. పీడీబీ సంకేతం, గొలుసు, అవశేషం పేరు, సంఖ్య, పరమాణువు పేరు, లిగాండ్ పరమాణువు పేరు, దూరం, బంధం రకం, ఏ సాధనం చెప్పింది, మీరు స్వయంగా సరిచూశారా, సాంద్రత పటం ఎలా ఉంది అన్నవి నిలువు వరుసలు కావాలి. నీటి అణువు మధ్యలో ఉంటే దాని సంఖ్య కూడా రాయండి, ఎందుకంటే ఫైలులో వందల నీటి అణువులుంటాయి. బొమ్మ కింద రాసే వివరణలో ఏ దూరం లోపు బంధంగా లెక్కించారో ఒక్క వాక్యంలో చెప్పండి. పీడీబీ ఎంట్రీలను అప్పుడప్పుడు సవరిస్తుంటారు, ఎంట్రీ పేజీలో ఆ మార్పుల చరిత్ర ఉంటుంది. అందుచేత ఫైలు దించుకున్న తేదీని, అప్పటి వెర్షన్ సంఖ్యను, ప్లిప్ వంటి సాధనాల వెర్షన్‌ను పద్ధతుల అధ్యాయంలో చేర్చి, దించుకున్న అసలు ఫైలును మార్చకుండా వేరే ఫోల్డర్‌లో భద్రపరచండి.